పొర, పొరపాటు

గీత మళ్ళీ జారింది. తెర మీది ఆ ఆకుపచ్చ గీత సున్నా దగ్గర తిన్నగా నిలవాలి. నిలవడం లేదు. ఆమె స్పిరిట్ సీసా మూత తీసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ చూసింది. ఇంకాస్త జారింది.

మధ్యాహ్నం డైరెక్టరు వస్తాడు. గీత నిలిస్తే, రంగుల ఫ్యాక్టరీల్లో ఆవిర్లను పసిగట్టే ఈ పరికరం ఆమె చేతిలోనే ఉంటుంది. నిలవకపోతే ఈ ల్యాబు గది ఇంకొకరిది, ఇన్నేళ్ల పనికీ సున్నా.

పరికరం లోపల వేలిగోరంత చిప్పు. దాని ఒంటి మీద కంటికి కనపడని అల పరుగెడుతుంటుంది. పైన సన్నటి పొర. గాలిలోని ఆవిరి పొరలో చిక్కుకుంటే పొర బరువెక్కుతుంది, అల నెమ్మదిస్తుంది, గీత జారుతుంది. ఇసుమంత ఆవిరి కూడా తప్పించుకోకూడదని ఈమధ్యే పొరను కాస్త మందం చేయించింది.

ఆ పొరలు పూసే పెద్దాయనను అందరూ పొరల బాబాయి అంటారు. ఆయన తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏమ్మా, నీ అలకి ఇంకా అలకేనా?"

"నీ పొరే బాబాయ్. ఎక్కడో చెడింది."

"పొర నాదే తల్లీ. పొరపాటు మాత్రం నా నెత్తిన రుద్దకు."

ఆమె మళ్ళీ చేతులు తుడుచుకుంది. ఫోన్ మోగితే వరండాలోకి వెళ్ళింది. చెల్లెలు.

"తిన్నావా అక్కా?"

"లేదు."

"చేతులు మాత్రం కడుక్కునే ఉంటావు. నిన్ను చూస్తే సబ్బుకే జాలేస్తుంది."

"పెట్టేయ్ ఫోను."

తిరిగొచ్చేసరికి గీత సున్నా మీద బుద్ధిగా కూర్చుని ఉంది. ఆమె చేయి తనంతట తానే సీసా మూత తిప్పింది. గీత జారింది. మూత బిగించి కిటికీ దాకా వెళ్ళి నిలబడింది. గీత మెల్లగా లేచింది.

సీసా పక్కనే పరికరం గాలి పీల్చే గొట్టం మూతి ఉంది. స్పిరిట్ ఆవిరి అందులోకే పోతోంది. గీత జారితే తను తుడుచుకుంది, తను తుడుచుకుంటే గీత జారింది. ఇన్నాళ్లూ పరికరం తప్పు చెప్పలేదు. ఆమె కంగారునే చెబుతూ వచ్చింది. ఒళ్ళు జలదరించింది, అద్దంలో ఎవరో తనను చూస్తున్నట్టు.

చేతులు బాగా కడుక్కుని వచ్చి, సీసా బాబాయికిచ్చింది. "దాచెయ్. అడిగినా ఇవ్వకు."

"కాళ్ళు పట్టుకున్నా?"

"పట్టుకున్నా."

డైరెక్టరు వచ్చాడు. గుప్పిట్లోకి దగ్గి, ఆ చేతినే చాపాడు. ఆమె పట్టుకుంది. వెచ్చగా, తడిగా.

ఆమె గొట్టం దగ్గర కాస్త రంగుల ఆవిరి వదిలింది. గీత నిలువునా కిందికి పడింది.

"బాగుంది. మళ్ళీ సున్నాకి వస్తుందా?"

"వస్తుందండీ. పొర మందం కదా, కాస్త ఆలస్యమవుతుంది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎదురుగా ఆమె కూడా కూర్చుంది. ఆమె కుడి చేయి ఎవరో మర్చిపోయిన వస్తువులా ఒళ్ళో పడి ఉంది. వేళ్ళ సందుల్లో ఆ తడి పాకుతోంది. పాకుతోందా, తనే అనుకుంటోందా? తలుపు దగ్గర బాబాయి జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఆమె అటు చూడగానే ఆయన ముఖం తిప్పుకున్నాడు. గీత చీమలా పైకెక్కుతోంది.

"వచ్చేసిందే! ఇక గది మీదే," అంటూ డైరెక్టరు లేచి, మళ్ళీ చేయి చాపాడు.

ఆమె పట్టుకుంది. గీత కదల్లేదు.