నంబరు ప్లేటు చాటు తీగ

"జెర దూరం జరగండి సార్. బండికి సిగ్గెక్కువ, మనుషులు చూస్తుంటే నోరు తెరవదు," అంటూ పర్వతాలు గోనెసంచి పరిచి మారుతి కారు ముందు వెల్లకిలా పడుకున్నాడు. కారు ఆసామి నవ్వి రెండడుగులు వెనక్కి వేశాడు. డ్రైవరు సీటు దగ్గరి మీట లాగితే కేబుల్ పుటుక్కున తెగిందట. బానెట్ మాత్రం బిగుసుకుని కూర్చుంది. పర్వతాలు బంపరు కింద స్క్రూడ్రైవరుతో ఊరికే టకటకలాడించాడు, మూలిగాడు, "అబ్బబ్బా" అన్నాడు. రెండు నిమిషాలయ్యాక నంబరు ప్లేటు వెనక్కి వేలు పోనిచ్చి ఒక్క లాగు లాగాడు. బానెట్ టక్కున లేచింది.

ఆ వేలికి దొరికింది ఒక చిన్న తీగ ఉంగరం. తన చేతి మీదుగా కేబుల్ మారిన ప్రతి కారుకూ పర్వతాలు బానెట్ తాళానికి రెండో తీగ కట్టి, దాని కొసను ఉంగరంలా మెలిపెట్టి నంబరు ప్లేటు చాటున దాచేవాడు. కేబుల్ మళ్ళీ తెగితే పసిపిల్ల కూడా దాన్ని లాగి తెరవగలదు. ఆ సంగతి ఒక్క ఆసామికైనా చెప్పాడా? చెబితే ఇంకేముంది, ఎవరి బానెట్ వాళ్ళే తెరుచుకుంటారు! పైగా "వేరేటోళ్ళ చెయ్యి పడనియ్యకుండ్రి సార్, ముందు గ్రిల్లు జాలీ పలగ్గొడ్తరు" అని భయపెట్టి మరీ పంపేవాడు. ముప్పై ఏళ్ళుగా రాంగోపాల్‌పేట్ సందులో అరిగిపోయిన స్పానర్లతో నెట్టుకొస్తున్న మనిషికి ఉన్న గొప్పల్లా అదొక్కటే. బానెట్ పర్వతాలు అని పేరు కూడా పడింది. ఇంట్లో భార్య శ్యామలమ్మ విసుక్కుంటూ ఆ పేరుతో పిలిచినా లోలోపల మురిసిపోయేవాడు.

చేతులు తుడుచుకుంటుండగా ఎదుటి చాయ్ హోటలు బిక్షం కేకేశాడు. "పర్వతాలన్నా! మౌలాలి నుంచి ఫోనొచ్చింది. అబ్రహాం సారోళ్ళ ఇంట్ల బానెట్ వస్తలేదంట. జల్ది రమ్మంటున్రు."

పర్వతాలు మొహం వెలిగింది, ఆ వెంటనే ముడుచుకుంది. అబ్రహాం మౌలాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. కారు తెచ్చినప్పుడల్లా భార్య మేబెల్ చేసిన కేకు ముక్క కాగితంలో చుట్టి తెచ్చేవాడు. పని అయ్యేదాకా స్టూలు మీద కూర్చుని "పర్వతాలుగారూ" అంటూ కబుర్లు చెప్పేవాడు. ఆ సందులో పర్వతాలుని గారు అన్నది ఆయనొక్కడే. అలాంటిది, వేసవి నుంచీ జాడే లేదు. వేరే షెడ్డు మరిగాడని పర్వతాలుకి ఒకటే ఉక్రోషం. 'ఆఖరికి నా కాడికే రావాల్సొచ్చె' అనుకుంటూ లూనా మోపెడ్ ఎక్కాడు. ఎలా దెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు.

తలుపు మేబెల్ తీసింది.

"సారేడమ్మా? జెర పిలువుండ్రి, నేను అలిగిన్నని చెప్పుండ్రి," అన్నాడు నవ్వుతూ.

ఆమె అతని మొహంలోకి చూసింది. "మీకు తెలియదాండీ? మే నెలలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. వడదెబ్బ."

పర్వతాలు గోనెసంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కారు కొనేవాళ్ళు సాయంత్రం వస్తారనీ, ఇంజను చూపించాలనీ ఆమె మెల్లగా చెప్పింది. ఇంట్లో బీరువాలోని కారు కాగితాల్లో మాస్టారి రాతతో చీటీ దొరికిందట. 'పర్వతాలుగారు, బానెట్' అని, కింద చాయ్ హోటలు నంబరు.

షెడ్డులో దుమ్ముపట్టి ఉన్న కారు ముందు పర్వతాలు సంచి పరిచాడు. అలవాటుగా "జెర దూరం" అనబోయి నాలిక కరుచుకున్నాడు. ఆమె అక్కడే నిలబడి చెబుతూ ఉంది.

"ఆ రోజు మెట్టుగూడ దగ్గర ఇంజను కాగిపోయిందట. నీళ్ళు పోద్దామంటే ఈ మూత రాలేదు. పక్కనున్న మెకానిక్ జాలీ పగలగొట్టి తీస్తానన్నాడట. తర్వాత అతనే కారు లాక్కొచ్చి ఇచ్చి, ఈ సంగతి చెప్పాడండీ. పర్వతాలుగారు తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని ఈయన ఒప్పుకోలేదట. ఆటోల బంద్ ఆ రోజు. మిట్టమధ్యాహ్నం మీ దగ్గరికని నడిచి బయల్దేరారు. చిలకలగూడ దాటలేదు."

అప్పటికే పర్వతాలు వేలికి ఉంగరం తగిలింది. ఎక్కడ దాచాడో అక్కడే ఉంది. ఆ రోజు మాస్టారు నిలబడ్డ చోటికి మూరెడు దూరం కూడా ఉండి ఉండదు. ఇప్పుడు కాసేపు టకటకలాడించి, మూలిగి లేస్తే ఆమెకు ఎప్పటికీ తెలియదు. స్క్రూడ్రైవరు ఎత్తాడు కూడా. ఛీ, ఇదేం బతుకని తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి కూర్చున్నాడు.

"ఇటు రండమ్మా. గీ ప్లేటు ఎన్క చెయ్యి పెట్టుండ్రి. ఉంగరం లెక్క తగిలిందా? గుంజుండ్రి."

ఆమె వంగి లాగింది. బానెట్ టక్కున లేచింది.

"ఇంతేనా?"

"గంతేనమ్మా."

"ఇది... ఆ రోజు కూడా ఉందాండీ?"

"ఉండె. రెండేండ్ల కింద నేనే కట్టిన. సారుకు చెప్పలే. చెప్తే మళ్ళ నా కాడికి ఎందుకొస్తరని..." స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "తప్పైందమ్మా."

ఆమె వేళ్ళకంటిన మడ్డిని చూసుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

పర్వతాలు రేడియేటరు మూత తిప్పి చూశాడు. చుక్క నీరు లేదు. నీళ్ళిమ్మని ఆ తలుపు తట్టే మొహం తనకెక్కడిది? ఖాళీ సీసా ఏదైనా దొరుకుతుందేమో, వీధి కుళాయి దగ్గర పట్టుకొద్దామని కారు వెనక తలుపు తీశాడు.

సీటు కింద తెల్లటి అయిదు లీటర్ల డబ్బా ఉంది. మాస్టారు బిగించిన మూత బిగించినట్టే ఉంది, లోపల నీళ్ళు మెడదాకా ఉన్నాయి.