ముందే చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచేటప్పటికి కారు మాట నా మనసులో లేదు. మా ఆయన డేవిడ్‌రాజుకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి జీతం చేతికందితే ప్రథమ ఫలం కింద అందులో కొంత కవర్లో పెట్టి కానుక పెట్టెలో వేశాం. దేవుడికి వందనాలు చెప్పి కూర్చుందామనే లేచాను. ఆయన ట్రైనింగు ఉందని విజయవాడ వెళ్ళారు, చర్చికి రాలేదు. వచ్చి ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

మా జగ్గయ్యపేట చర్చిలో ఆడవాళ్ళం ఎడమ పక్క పట్టాల మీద కూర్చుంటాం. నాకు ముందు సాక్ష్యం చెప్పింది సుస్మిత. పదో తరగతి దాకా మాదిద్దరిదీ ఒకే బెంచీ. ఆ తర్వాత మా అమ్మ మంచాన పడింది, నేను ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో మానేశాను. తను బీయెడ్ దాకా చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. దేవుడు తమకు స్థలం ఇచ్చాడని, కారు ఇచ్చాడని, ఎక్కడా తడుముకోకుండా, మధ్యలో రెండు బైబిలు వాక్యాలు కూడా కలిపి చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. మైకు నా చేతికొచ్చింది.

మా ఆయన ఉద్యోగం కబురు రెండు ముక్కల్లో అయిపోయింది. అది అందరికీ తెలిసిందే గనక ఎవరూ పెద్దగా పలకలేదు. ఇంకేదో చెప్పాలి, ఇంతేనా అనుకుంటారు అనిపించింది.

"అంతే కాదండి. చంటిదాన్నేసుకుని బండి మీద తిరిగే మా కష్టం చూసి, దేవుడు మాకు కారు కూడా ఇచ్చాడండి."

చర్చి మొత్తం హల్లెలూయా అంది. డ్రమ్ము మీద ఎవరో ఒక దెబ్బ కూడా వేశారు. నేను కూర్చున్నాను. కొంగు సర్దుకున్నాను.

కారు అబద్ధం గాని ఆశ అబద్ధం కాదు. మా పాపకు రెండేళ్ళు. జ్వరం ఎక్కువైతే ఫిట్సొస్తాయి. మొన్న ఆగస్టులో అట్లాగే వస్తే, వానలో, బండి మీద, పాపను ఒళ్ళో అదిమిపెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాం. పక్కనుంచి లారీ పోతే ఆ నీళ్ళన్నీ మా మీదే. పాప కళ్ళు తేలేసింది. ఊపిరి ఉందో లేదో తెలియక ఆ చప్పుళ్ళో దాని ముక్కు దగ్గర నా చెంప పెట్టి కూర్చున్నాను. ఆ రోజునించీ బండి ఎక్కాలంటే నాకు భయం. ఆయన స్కూలేమో గరికపాడు వైపు, రోజూ హైవే మీద లారీల మధ్య పోయి రావాలి. సాయంత్రం బండి చప్పుడు వినపడేదాకా నాకు కుదురుండదు.

అందుకని, ఉద్యోగం రాగానే కారు కొందామా అని నేనే అడిగాను. ఉద్యోగం కొత్తది, ఇంకా పర్మినెంటు కూడా కాలేదు, మళ్ళీ ఏ ఊరు వేస్తారో తెలియదు, రెండేళ్ళు ఆగుదాం అన్నారు ఆయన. సరే అన్నాను. అన్న పది రోజులకే చర్చిలో కారు తెచ్చేశాను.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నా గడ్డం పట్టుకుని ఏ రంగు అని అడిగింది. తెలుపండి అన్నాను. ఎక్కడుంది అంటే, ఇంకా ఇంటికి రాలేదండి, కాగితాలు అవుతున్నాయి అన్నాను. రాగానే ముందు చర్చికే తీసుకురండి, అయ్యగారు ప్రార్థన చేస్తారు అంది.

అక్కడితో ఆగితే ఎట్లాగో మర్చిపోదురేమో. మా వీధిలో, మా చర్చికే వచ్చే ఆరోగ్యమ్మ మామ్మ ఉంది. ఒక్కతే. రెండు కళ్ళకీ పొరలొచ్చి, గోడ పట్టుకుని నడుస్తుంది. నందిగామలో కంటి డాక్టరు ఆపరేషనుకు రోజు కూడా చెప్పాడు. ఆ రోజు దాటిపోయినా మామ్మ గుమ్మంలోనే కనపడుతుంటే, ఎందుకు వెళ్ళలేదని అడిగాను.

"నీ కారు రానీ అని డాక్టరుకు ఫోను చేయించా" అంది. "బస్సు మెట్టు నాకు ఆనదు. ఆటో ఎక్కితే దుమ్ము. మన పిల్ల కారుండగా నాకేం ఖర్మ?"

అప్పుడైనా చెప్పొచ్చు. మామ్మా, తొందరేం లేదులే అని ఇంట్లోకి వచ్చేశాను.

కారు ఎప్పుడొస్తుందని ఆయన్ను కూడా దారిలో ఎవరో అడిగారు. ఇంటికొచ్చి, ఈ మాట ఎట్లా పుట్టిందని నన్నడిగారు. నేను చారు తాలింపు వేస్తున్నాను. వెనక్కి తిరక్కుండానే, సుస్మిత వాళ్ళు అనుకుని ఉంటారు, వాళ్ళకి ఎప్పుడూ కార్ల గొడవే గదా అన్నాను.

మూడో రోజు, ఊరంతా అనుకునేంత ఆశ నీకుంటే చూద్దాంలే, పాత కారు ఏదన్నా దొరుకుద్దేమో అన్నారు. నేను ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు. ఆ రాకపోయిన గంతును కూడా ఆయన నా అణకువ అనుకున్నారు.

జనవరిలో రెండో శనివారం నందిగామ వెళ్ళాం. పాత కార్లు అమ్మే సతీష్‌బాబు ఒక తెల్ల కారు తలుపు తీసి పెట్టాడు. పాప వెనక సీటెక్కి, దాని మీది ప్లాస్టిక్ కవరు చప్పుడు చేస్తూ ఎగరడం మొదలుపెట్టింది. మా ఆయన స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. ఇంజను, టైర్లు, ఇన్సూరెన్సు, ఒకటొకటే అడుగుతుంటే సతీష్‌బాబు నవ్వాడు.

"టీచర్లకి బండి అమ్మాలంటే నాకు భయం మాస్టారూ. ప్రతి జవాబుకీ మార్కులేస్తారు."

అడ్వాన్సు ఇస్తే చాలు, మిగతాది ఐదేళ్ళకు లోను తానే చేయిస్తానన్నాడు. ఐదేళ్ళంటే పాప రెండో తరగతికొచ్చేదాకా. కాగితం బల్ల మీద పెట్టాడు. మా ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టిన పెన్ను అది. దాన్ని వేరేవాళ్ళకి రాసుకోడానికి కూడా ఇవ్వరు.

"సంతకం పెట్టకండి. ఒక్కసారి బయటికి రండి" అన్నాను.

మా బండి పక్కన నిలబడి చెప్పాను. సాక్ష్యంలో నేను అన్నది, తెలుపని చెప్పింది, ఆరోగ్యమ్మ మామ్మ ఆపరేషను ఆపుకున్నది. ఆయన అడ్డం రాకుండా విన్నారు.

"మరి సుస్మిత వాళ్ళు అనుకుని ఉంటారన్నావు?"

"అదీ అబద్ధమేనండి."

ఆయన మొహం అప్పుడు మారింది. సుస్మిత భర్త నరేంద్రను సెంటర్లో ఆపి, మా ఇంటి సంగతులు మీకెందుకండి అని నలుగురిలో అడిగేశారంట. అతను అట్లాగే వెళ్ళిపోయాడంట. ఈ సంగతి నాకు తెలియదు.

మళ్ళీ ఆయనే అన్నారు.

"కొంటే చర్చిలో నీ మాట నిలబడుద్ది. నా తంటాలేవో నేను పడతా. కొనకపోతే నువ్వే లేచి చెప్పాల. నీ తరఫున నేను చెప్పను. ఏదో ఒకటి చెప్పు, లోపల సతీష్‌బాబు ఎదురు చూస్తున్నాడు."

లోపల పాప ఇంకా ఎగురుతోంది. సంతకం ఒక్కటి పడితే రేపు ఆదివారానికి నా అబద్ధం నిజమైపోతుంది. పాపను జ్వరంలో ఆ సీటు మీద పడుకోబెట్టొచ్చు, మామ్మ నందిగామ వెళ్ళొచ్చు, ఎవరికీ ఏమీ తెలియదు. ఆయనకు తప్ప. ఐదేళ్ళపాటు ప్రతి నెలా జీతం తెచ్చి, అది నా నోటి మాటకు వాయిదాగా కట్టే ఆయనకు తప్ప.

పాపను తీసుకొస్తానండి అన్నాను. అది కవరు వదలదు. దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. బండి మీద జగ్గయ్యపేట వచ్చేదాకా అది ఏడుస్తూనే ఉంది.

మర్నాడు సాక్ష్యాల సమయంలో లేచాను. మైకు అడగలేదు.

"అయ్యగారూ, పోయిన నెల నేను చెప్పిన కారు లేదండి."

పాస్టరుగారు మంచి మనిషి. నా మొహం చూసి ఆయనకు జాలేసినట్టుంది. మన సోదరి విశ్వాసంతో ముందే పలికింది, దేవుడు ఇవ్వబోయేది ఇచ్చినట్టే గదా అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను కూర్చోవచ్చు. నా మోకాళ్ళు అప్పటికే వంగాయి కూడా. హాయిగా ఉంది, ఆ ఒక్క నిమిషం. అబద్ధాన్ని అంతమంది కలిసి కడిగి నా చేతికి తిరిగి ఇచ్చినట్టు.

ముందు వరసలో ఆరోగ్యమ్మ మామ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, పక్కామెను అడుగుతోంది.

"ఎప్పుడొస్తదంట?"

"రాదు మామ్మా" అన్నాను. "విశ్వాసం కాదు అయ్యగారూ, అబద్ధం. సుస్మిత చెప్పింది విని ఓర్వలేక చెప్పా. మా ఆయన అడిగితే సుస్మిత మీద పెట్టా. వాళ్ళ ఆయన మాట పడేలా చేశా."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. మా ఆయనో కాదో చూడలేదు. సుస్మిత తల వంచుకుని పాటల పుస్తకం అంచు మడుస్తోంది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

అయ్యాక పాస్టరమ్మగారు పాప తల నిమిరింది, నా వంక చూడలేదు. చెప్పుల దగ్గర సుస్మిత కనపడితే, తిడుతుందనుకున్నాను. "మామ్మకి కారు కావాలని నాకొక్క మాట చెప్తే పంపేదాన్ని కదే" అని తన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నెల రోజుల్లో ఆ ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు.

ఆరోగ్యమ్మ మామ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికెళ్ళి, బుధవారం డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తానన్నాను.

"దేంట్లో?"

"బస్సులో, మామ్మా."

"నెల రోజులు గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టి, ఇప్పుడు బస్సంటావా" అంది. మళ్ళీ తనే, "మెట్టెక్కిస్తావా మరి?" అంది.

బుధవారం పాపను మా అత్తగారి దగ్గర వదిలి బయల్దేరాను. మామ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టించి, వెనకనుంచి నడుం పట్టి ఎక్కించాను. కండక్టరు కాస్త ఆగాడు. కిటికీ పక్కన కూర్చుంటానంది. బస్సు ఊరు దాటాక అడిగింది, అప్పుడు నువ్వు ఏ రంగని చెప్పావే అని.

"తెలుపు" అన్నాను.

"నా కంటికిప్పుడు అన్నీ అదే రంగులే" అంది. వెనక సీటులో ఎవరో నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

నందిగామ దగ్గర పడుతుండగా మామ్మ నా మోచెయ్యి తడిమి పట్టుకుంది.

"వచ్చేటప్పుడు ఈ కిటికీ పక్కన నువ్వు కూర్చో. దుమ్ము నీ మీద పడాల."

"అట్లాగే మామ్మా" అన్నాను.