పదునాఱు సొరుగుల బీరువా

ప్రచండభానుకిరణసంతప్తమై తారురోడ్డు కరఁగి చెప్పుల కంటుకొనుచుండ వడగాలికి వెఱచి కాకులు సైతము చూరునీడల నోళ్లు తెఱచికొని కూర్చున్న జ్యేష్ఠమాసపు మధ్యాహ్నమున, ఏలూరుపురమందలి యొక రేకులపాక క్రింద విరూపాక్షాచారి యను వృద్ధుఁడగు వడ్రంగి తన యెదుటనున్న టేకుపలకను పగవానిఁ జూచినట్లు చూచుచుండెను.

అర్ధశతాబ్దము ఉలితోడను ఱంపముతోడను పలకల యంచులఁ గపోతపుచ్ఛాకారమగు పండ్లు కోసి గోరు దూఱ సందు లేకుండ నతుకులు గూర్చి, డవ్‌టైలు పని యన్న నాచారిదే యని పేరొందిన యాతని కుడిచేతికి రెండేండ్లుగా వణఁకు పట్టెను. ఆ సంగతి భార్యయగు మాణిక్యాంబకుఁ దప్ప నొరులకుఁ దెలియదు. వైద్యురాలగు ఇందుమతీదేవి మూలికలకై పదునాఱు సొరుగుల బీరువా కోరఁగా, కాదనిన గుట్టు బయటపడునని యొప్పుకొని, పండ్లు కోయు రౌటరు యంత్రమును దానికి దారి చూపు దువ్వెనవంటి యినుపజిగ్గును దెప్పించెను.

మొదటి సొరుగు వదులయ్యెను. యంత్రమునఁ దిరుగు కోఱను మఱికొంత దింపఁగా రెండవది సుత్తిదెబ్బలకును లొంగక చీలెను. మూఁడవదాని యెడమమూల చక్కఁగఁ గుదిరినను కుడిమూలయందుఁ బలక సగము పంటిమేర పైకి లేచి వెక్కిరించెను. నాలుగవదియు నట్లే. అయిదవదియు నట్లే.

"దీని దుంప తెగ! మనిషైతే చెంప పగలగొట్టేవాణ్ణి!" అని యాచారి పలకను గోడకు విసరెను.

మాణిక్యాంబ యా చెడిన ముక్కలను నేలపైఁ బఱచి చాలసేపు పరిశీలించి యిట్లనియె.

"ఏవండీ, రెండు మూలలూ జిగ్గుకి ఎడం పక్కనే పెట్టి కోస్తన్నారు. కుడి మూలని కుడి పక్క అడ్డుబిళ్లకి ఆనించాలి కదా. జిగ్గుతో వచ్చిన కాయితంలో బొమ్మేసి మరీ ఇచ్చాడు కంపెనీవాడు."

"నాకు పని నేర్పుతావా? యాభై ఏళ్ల నుంచి కోస్తన్నా!"

"ఉలితో కోశారు. దీంతో పొద్దున్నుంచేగా!"

ఆచారి పండ్లు కొఱుకుచు నామె చెప్పినట్లే పలకను బిగించెను. కొలత సరిపోయెను గాని చేయి వణఁకి యంత్రము ప్రక్కకు జాఱి యంచు పెరికిపోయెను. ఆతఁడు పీటపైఁ గూలఁబడెను. మాణిక్యాంబ కొంగు బిగించి దోపుకొని యెవ్వరి యనుమతియు వేఁడక యంత్రము నందుకొనెను.

"మెల్లగా! దువ్వెన్ని ఆనుకునే పోనీ! అబ్బా, అలా కాదే!"

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?"

పండ్లు పండ్లలో నొదిగెను. నాలుగు దినములలో పదునాఱు సొరుగులును ముగిసెను.

ఇందుమతీదేవి వచ్చి యొక సొరుగు లాగి మూలను వ్రేలితోఁ దడవి, "ఆచారిగారూ, మీ చేతిపని గురించి విన్నది నిజమేనండీ" అనెను. అవునమ్మా యను మాట యాతని నాలుక చివరకు వచ్చెను. మాణిక్యాంబ తల వంచుకొని పొట్టు నూడ్చుచుండెను.

"నా చెయ్యి కాదమ్మా. కోసింది ఆవిడ" అని యాచారి విసుగుగాఁ బలికెను. "నా చెయ్యి రెండేళ్ల నుంచి వణుకుతోంది."

"ఏదీ, చూపించండి."

"సొరుగులు చూసుకోమంటే చెయ్యి చూస్తానంటారేంటండీ!"

అయినను మాణిక్యాంబ చూచిన తీక్ష్ణమగు చూపున కోర్వలేక గొణుగుకొనుచునే, పైపంచె క్రింద దాఁచిన కుడిచేతిని వెలికిఁ దీసి వైద్యురాలి యఱచేతియందుంచెను. అది వణఁకుచుండెను. దాని నాపుట కాతఁ డించుకయు యత్నింపఁ డయ్యెను.