సానరాయి మీద గుళికలు

నయన బరువు రెండు నెలల్లో అరకిలో తగ్గింది. బెంగళూరు డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి, మందు నిజంగా ఇస్తున్నారా లేదా అని కన్నడంలో గద్దించింది.

తల్లి భానుకు ఒళ్ళు మండిపోయింది. పిల్లకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అని ఇక్కడే చెప్పారు. తిన్నది అరిగించే రసం కడుపులోకి రాదు కాబట్టి, తిన్న ప్రతిసారీ దానికి బదులుగా ఒక గొట్టం మాత్ర, అంటే క్యాప్సూల్, పడాలి. ఉదయం, రాత్రి తన చేత్తోనే ఇస్తుంది. లోపలున్న సన్నటి గుళికలను అరటిపండు గుజ్జు మీద పోసి, నమలకుండా మింగిస్తుంది. ఒక్క పూట కూడా తప్పలేదు.

డాక్టరమ్మ నయన నోరు తెరిపించింది. నాలుక చుట్టూ పుండ్లు. గుళికల పైపొర నలిగితే మందు కడుపులో పనిచేయదని, నోటినే కొరుకుతుందని చెప్పింది. వచ్చే నెలకు బరువు ఎక్కకపోతే ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాల్సి వస్తుందని కూడా అంది.

తమ ఊరు బాగేపల్లిలో బస్సు దిగేదాకా భాను పళ్ళు నూరుకుంటూనే కూర్చుంది. ఎవరు నలుపుతున్నారు? తను గార్మెంట్స్ పనికి పోయాక మధ్యాహ్నం, సాయంత్రం మందు ఇచ్చేది అత్త చౌడమ్మ.

మరునాడు సగం పూటకే సెలవు పెట్టి ఇంటికొచ్చింది. చౌడమ్మ వసారాలో కూర్చుని, సానరాయి మీద రెండు చుక్కల పాలు పోసి, గుళికలను అరగదీస్తోంది. వసకొమ్ము, కరక్కాయ అరగదీసి ఆ ఇంట్లో పసిబిడ్డలందరికీ ఉగ్గు పోసిన రాయి అది.

"ఏం చేస్తాండావత్తా?"

"కండ్లు కనపల్లేదా? బిడ్డకు మందు తీస్తాండా. ఆ గింజలు గొంతులో ఇరుక్కుంటే యాడికి పరిగెత్తేది?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు పనికి పోయినప్పటి నుంచి. నలుగురు బిడ్లకు ఈ రాయి మీదే తీసి పోసినా. నీ మొగుణ్ణి చూడు, ఎద్దు మాదిరి ఉండాడు."

"పాప నోట్లో పుండ్లు కనపల్లేదా నీకు?"

"ఇంగ్లీషు మందు వేడమ్మా. దానికి తోడు, కడుపుతో ఉన్నప్పుడు నువ్వు తిన్న తిండ్లు..."

భాను టిఫిన్ బ్యాగు నేలకేసి కొట్టింది. రాయి మీది ముద్దను వేలితో తీసి అత్త ముందు పెట్టింది.

"నువ్వే నాలిక మీద పెట్టుకో. మింగొద్దు, ఊంచొద్దు."

"తొమ్మిదో క్లాసు చదివి అత్తకే పాఠం చెప్పేదానివైనావా?"

"చదివిండేదాన్ని ఇంగా. పెండ్లికి తొందరపడింది ఎవరు? పెట్టుకో!"

"ఇదేమన్నా విషమా?" అంటూ చౌడమ్మ పంతంగా నాలుకకు రాసుకుంది. కోడలి కండ్లలోకే చూస్తూ కూర్చుంది. కాసేపటికి దవడ కదిలింది. ఇంకాసేపటికి లేచి వాకిట్లో ఊసింది. చెంబెడు నీళ్ళు పుక్కిలించి, మళ్ళీ ఇంకో చెంబు ముంచుకుంది.

స్తంభం పట్టుకుని చూస్తున్న నయన అడిగింది. "మండుతాదా అవ్వా? నేను దినామూ చెప్తే, పాలు తాగు పోతాది అంటివే."

చౌడమ్మ చెంబు కింద పెట్టి, నయన నోరు తెరిపించి చూసింది.

భాను కోపం ఇంకా దిగలేదు. అందులో సగం తన మీదే. పనికి చేరిన రోజు చెప్పులు తొడుక్కుంటూ, "అన్నానికి ముందు ఒగ మాత్ర ఇయ్యత్తా" అని మాత్రమే చెప్పి బస్సుకు పరిగెత్తింది. ఎట్లా ఇవ్వాలో, ఎందుకు నలపకూడదో చెప్పనేలేదు.

అరటిపండు గుజ్జు చేసి, మాత్ర విప్పి గుళికలు పోసింది. "ఇట్ల మింగించు. ఆమీద నీళ్ళు. ఆమీదే అన్నం ముద్ద."

చౌడమ్మే చెంచా అందుకుని తినిపించింది. నీళ్ళు తాపాక, చిగుళ్ళ వెంట వేలు తిప్పి చూసింది. "ఒగటి మిగిలిండాది," అని మెల్లగా అని, దాన్ని తీసేసి మళ్ళీ నీళ్ళు తాపింది.

భాను ఆ రాయిని కడిగి బ్యాగులో వేసుకుంది.

"దాన్ని యాడికి తీసకపోతావు?"

"పనికి."

"దినామూ మోస్తావా?"

"పాప బరువు ఎక్కేదంకా మోస్తా."

చౌడమ్మ ఇంకో చెంబు నీళ్ళు ముంచుకుని పుక్కిలించింది. నోరు ఇంకా మండుతున్నట్టుంది.