టమాటా కొయ్యని కత్తి

మా ఇంట్లో కత్తితో టమాటా కోస్తే రసం వస్తుంది గాని ముక్క రాదు. కొత్త కత్తి తెచ్చినా నెల తిరక్కుండా మొండిబారిపోతుంది. విసుగెత్తి, కరెంటుతో నడిచే సాన మిషను కొందామన్నాను.

"ఇప్పుడదెందుకండీ? ఉన్న కత్తులతో గడిచిపోతోంది కదా" అంది నా భార్య క్రిస్టీనా.

"ఏం గడవడం? ఈ ఇంట్లో కూరలు కొయ్యడం లేదు, పిసుకుతున్నారు!" అని కసిరాను.

రాతి చక్రం మంచిదా, వజ్రపు పొడి పూసిన చక్రం మంచిదా అని అమలాపురంలో కొట్టుకొట్టుకీ తిరిగి, ఖరీదైనదే ఎంచుకున్నాను. ఆదివారం చర్చి నుంచి రాగానే, క్రిస్టీనా చీర మార్చుకునేలోగా కత్తులన్నిటికీ పదును పెట్టేశాను.

అమ్మ ఎప్పటిలాగే బెండకాయలు ముందేసుకుని, పాస్టరుగారి కూతురి పెళ్లి కబుర్లు చెబుతూ కోస్తోంది. పళ్లెంలో ముక్కలు ఎర్రగా కనిపించి వంగి చూశాను. అమ్మ చూపుడువేలు లోతుగా తెగి రక్తం ధారగా కారుతోంది. అయినా అమ్మ కోస్తూనే ఉంది, పెళ్లి కబుర్లు చెబుతూనే ఉంది.

"అమ్మా!" అని కేక పెట్టాను.

అమ్మ ఉలిక్కిపడి పళ్లెంలోకి చూసింది.

"అయ్యో, ఎవరికి తెగిందిరా సాల్మనూ?"

క్రిస్టీనా పరుగున వచ్చి ఆ వేలిని గుడ్డతో అదిమిపట్టింది.

"షుగరుకి అత్తయ్యగారి వేళ్లకి స్పర్శ పోయిందండీ. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు, కూర కొయ్యడం మాత్రం మానరు. అందుకే ఇంటికొచ్చిన ప్రతి కత్తినీ నేనే వంటింటి గట్టుకేసి రాసి మొండి చేసేను."