ఆయన వాటా బోండం

మా ఆయన రంగనాథ్ పోయిన రోజున కెనడాలో మా ఊరు మార్కమ్‌లో మంచు మోకాళ్ల దాకా ఉంది. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న స్టూడెంట్లందరూ పైకొచ్చి, అంకుల్‌ని మోయడానికి మేమున్నాం ఆంటీ అన్నారు. ఆ ఏడాది ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే కాబట్టి మోసేవాళ్లకి కొరత లేదు. తీరా ఫ్యూనరల్ హోమ్ వాళ్లు చక్రాల బండి ఇచ్చారు. పిల్లలు దాన్నే భక్తిగా నెట్టారు.

మార్చి సెలవులకి క్రూయిజ్ అప్పటికే బుక్ చేసి ఉంది. ఏటిసూతకంలో ఓడెక్కవచ్చా అని మా అల్లుడు హేమచంద్ర పంతులుగారికి ఫోన్ చేశాడు. గుడికి వెళ్లకూడదు గానీ సముద్రస్నానానికి అభ్యంతరం లేదని ఆయన సెలవిచ్చారు. ఓడలోని కాసినో గురించి అల్లుడు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఓడ ఆగే బార్బడోస్ దీవి మాకు కొత్త కాదు. బీచ్ పక్కన బోండాలమ్మే మార్వాతో మా ఆయన వెళ్లిన ప్రతిసారీ తెలుగులోనే బేరమాడేవారు. ఆమె తగ్గించేది కాదు. నీళ్లు తాగి, బోండం చెక్కుతో లేతకొబ్బరి గీరుకు తిని, ఈయనే గెలిచినట్టు ముఖం పెట్టేవారు.

ఈసారి మార్వాకి సంగతి నేనే చెప్పాలనుకున్నాను. మా అమ్మాయి మృదులని నోరు విప్పవద్దన్నాను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క వాక్యం చెప్పలేనా? క్యాబిన్‌లో అద్దం ముందు ఇంగ్లీషులో రెండు రకాలుగా చెప్పి చూసుకున్నాను కూడా.

మార్వా నన్ను చూసి నవ్వి, మీ బేరాలాయన ఏడని అడిగింది.

"ఓడలో పడుకున్నారు," అన్నాను.

ఆమె మా ఇద్దరికీ బోండాలు కొట్టింది. మూడోది కొట్టకుండానే నా చేతిలో పెట్టి, దానికి డబ్బు వద్దంది. ఇన్నేళ్లకి ఆయనే గెలిచాడని చెప్పమంది.

ఓడ దగ్గర గార్డు, కాయలూ పళ్లూ లోపలికి తేకూడదన్నాడు.

"ఏం చేద్దామే?" అన్నాను.

"నాన్నని లేపుదామా మరి?" అంది మృదుల.

ఇద్దరం క్యూలో నవ్వడం మొదలుపెట్టాం. వెనకవాళ్లు మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయారు. నవ్వు తగ్గాక, ఇంకా టైముంది, వెనక్కి వెళ్లి చెప్పి వద్దామంది. లంచ్ అయిపోతుందన్నాను. బోండం గార్డు బల్ల మీద పెట్టి ఓడెక్కాం.

మార్వాకి ఇంకా చెప్పలేదు.