కిటికీలో అల్లం రసం

ఆ ఉదయం మా కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి "మామయ్యా" అంది. అందనే నేననుకున్నాను. నోరు తెరుచుకుంది, పెదవులు ఆడాయి, బయటికి మాత్రం నూనె లేని తలుపు చేసే చప్పుడు లాంటిదేదో వచ్చింది.

"ఏమ్మా, గొంతేదీ?" అన్నాను.

చెయ్యి పైకెత్తి వేళ్లు విదిల్చింది. ఎగిరిపోయిందట.

నవ్వబోయి ఆగాను. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఆ గొంతుతోనే ఆమెకు పని ఉంది.

మా కోడలు బస్టాండులో టికెట్ల కౌంటర్లో పనిచేస్తుంది. అద్దానికి ఉన్న చిన్న కన్నంలోంచి ఊళ్ల పేర్లు వినడం, టికెట్టు తోయడం, చిల్లర కోసం మాటలు పడడం. ఆ బస్టాండులో బస్సుల రాకపోకలు చెప్పే పెద్దాయన్ని అందరూ మైకు బాబాయ్ అంటారు. ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఎవరిదో తేల్చడానికి డిపో మేనేజరు ముగ్గుర్ని పిలిచాడు. ఉత్తుత్తి పరీక్ష కాదు, నిజం మైకులో నిజం ప్రయాణికులకే చెప్పాలి. ఆ ముగ్గురిలో మా కోడలు ఒకతె. ఇప్పుడు తప్పితే, ఆ కుర్చీ మళ్లీ ఖాళీ అయ్యేసరికి ఆమెకే రిటైరయ్యే వయసొస్తుంది.

మా ఆవిడ ఉన్న రోజుల్లో అంటుండేది, "నీ గొంతు అద్దం వెనకాల దాచుకోవాల్సింది కాదే పిల్లా" అని. ఆవిడ పోయాక ఇంట్లో ఆ మాట అనేవాళ్లు లేకపోయారు. పరీక్షకు పేరిచ్చి వచ్చిన రోజు కోడలు చెప్పులు విప్పుతూ ముందు మా ఆవిడ కూర్చునే కుర్చీ వైపే చూసింది. నేను చూడనట్టు కాఫీ తాగాను.

ఇక గొంతు ఎలా పోయిందంటే, సాధన చేసి. రెండు రోజులుగా బాత్రూములో, మేడ మీద, ఆరేసిన దుప్పట్ల మధ్య "ప్రయాణికులకు మనవి" అంటూనే ఉంది. గట్టిగా చెప్తే బాగా చెప్పినట్టని ఎవరు నూరిపోశారో. మా అబ్బాయి పని మీద ఊరెళ్లి బతికిపోయాడు.

"ఉండు, అల్లం రసం చేసిస్తాను," అన్నాను.

ఆమె కనుబొమలు లేచాయి. "మీరా? ఎప్పుడైనా చేశారా?" అంది గుసగుసగా.

"అల్లం అంటే నాకు తెలీదా ఏంటి?"

"తెలుసు. బెల్లంలా పుల్లగా ఉంటుంది."

సామెతను నా మీదికే తిప్పి నవ్వబోయింది. నవ్వు కాస్తా దగ్గయింది. ఫరవాలేదు, గొంతు పోయినా నోరు పోలేదనుకున్నాను.

అల్లం రసం తాగడంలో నాకు అపారమైన అనుభవం ఉంది. నేను తుమ్మితే చాలు, మా ఆవిడ గ్లాసుతో ప్రత్యక్షమయ్యేది. చెయ్యడం మాత్రం ఇదే మొదలు. అయితేనేం, డిగ్రీలో రసాయనశాస్త్రం చదివినవాణ్ణి, తూనికలు కొలతల శాఖలో పనిచేసినవాణ్ణి. ఇంత అల్లం ముక్క పిండడం ఒక లెక్కా అనుకుని, బుట్టలోంచి అన్నిటికంటే లావుపాటి కొమ్ము ఏరి, కడిగి, తొక్కతోనే ముక్కలు కోసి మిక్సీలో వేశాను.

లావుపాటి కొమ్మంటే ముదురుది. ముదురుదంటే పీచు. ఆ పీచంతా బ్లేడుకు చుట్టుకుంది. మిక్సీ మూలిగింది, వణికింది, కమురు వాసన కొట్టి ఆగిపోయింది.

మెట్ల మీంచి పై వాటా టైలరమ్మ గొంతు వినిపించింది. "అన్నయ్యగారూ, మిక్సీ ఏడుస్తోంది! కొడుతున్నారా ఏంటి దాన్ని?"

"లేదు చెల్లెమ్మా. కాస్త పల్చటి గుడ్డ ఏదైనా ఉందా?"

"ఎవరికి కుట్టాలి?"

"అల్లానికి!"

మూరెడు ఆకుపచ్చ లైనింగు గుడ్డ పట్టుకుని ఆమే కిందికి వచ్చింది. మిక్సీలోని ముద్దనంతా అందులో మూటగట్టి, పళ్లు బిగించి పిండాను. గిన్నెలోకి ఆకు పసరులా పచ్చటి రసం దిగింది. కోడలు ఆ గిన్నెను చూసి, నన్ను చూసి, ఒకడుగు వెనక్కి వేసింది.

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, కొత్త లైనింగు రంగు దిగదూ మరి? వడగట్టడానికని ముందే చెప్పొద్దూ!"

"చెప్పాను కదమ్మా, అల్లానికని."

"చదువుకున్నవాళ్లు, అల్లానిక్కూడా చొక్కా తొడుగుతారేమో అనుకున్నాను."

కోడలు గోడకానుకుని చప్పుడు లేకుండా పొట్ట పట్టుకు నవ్వింది. ఆ ఇంట్లో అంతగా నవ్విన మనిషిని చూసి చాన్నాళ్లయింది. ఆ పసరు పారబొయ్యడానికి నాకేం బాధనిపించలేదు. టైలరమ్మ ఈసారి ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల మల్లుగుడ్డ తెచ్చిచ్చి, మిషను మీద పనుందంటూ వెళ్లిపోయింది.

రెండోసారి బుద్ధిగా మొదలుపెట్టాను. లేత కొమ్ములు ఏరాను. కత్తి పక్కన పెట్టి చెంచా అంచుతో గీకితే తొక్క పలచటి పొరలా లేచి వచ్చింది. తురుముపీట మీద తురిమాను. వంటిల్లంతా ఘాటు నిండింది. ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాను. ఆ తరవాత జరిగినదాని గురించి ఎక్కువ చెప్పను. కోడలు నన్ను సింకు దగ్గరికి నడిపించుకెళ్లి మొహం మీద నీళ్లు కొట్టింది. వైద్యం ఎవరికి మొదలుపెట్టామో, ఎవరికి జరుగుతోందో తెలియని పరిస్థితి.

మొత్తానికి గుడ్డలోంచి రసం జారింది. లేత పసుపు, కాస్త పాలరంగు. సగం గ్లాసులో ఉంచి, మిగతా సగంలో తేనె, గోరువెచ్చటి నీళ్లు కలిపాను. తేనె వెతికేలోపు అడుగున తెల్లగా ఏదో చేరడం కనిపించింది. అయ్యయ్యో, సారమంతా అడుక్కి పోతోందే అనుకుని, చెంచా పెట్టి గిరగిరా తిప్పి, ఒక్క చుక్క వదలకుండా ఆమెకిచ్చాను.

కోడలు నా మీద గౌరవంతో ఒక్క గుక్కలో తాగేసింది. మరుక్షణం కళ్లు పెద్దవయ్యాయి. దగ్గు, దగ్గు మీద దగ్గు.

"సున్నం," అంది చివరికి. "గొంతులో సున్నం కొట్టినట్టుంది మామయ్యా."

ఆమె నోట చివరిగా వినిపించిన ముక్క అదే. ఆ తరవాత గుసగుస కూడా పోయింది. ఉత్త గాలి. గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నమైపోయింది. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. కౌంటర్లో టికెట్లు అయిపోయాక అలాగే కూర్చుంటుందేమో. కళ్లలో నీళ్లు తిరిగాయి. వదిలెయ్యండి అన్నట్టు తలాడించి, లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

ఉన్న గొంతు కాస్తా నేనే ఊడగొట్టాను. మిగిలిన సగం రసాన్ని కిటికీలో పెట్టేసి, తురుముపీట కడగడానికి కూర్చున్నాను. దాని పళ్ల మధ్య పీచు ఇరుక్కుని ఉంటే ఒక్కొక్కటే లాగాను. చేతులు మండుతున్నాయి. మంట ఉన్నంతసేపూ వేరే ఆలోచన రాదు, అదొక సుఖం.

కడిగి లేచేసరికి కిటికీలోకి ఎండ వచ్చింది. గ్లాసులోంచి వెలుగు దూరుతోంది. ఇందాక పాలరంగులో ఉన్న రసం ఇప్పుడు పల్చటి తేనెలా ఉంది. గ్లాసు అవతల పూలకుండీ అంచు కనిపిస్తోంది. అడుగున మాత్రం వేలి మందాన తెల్లటి మడ్డి, అన్నం గంజి పేరుకున్నట్టు, కదలకుండా కూర్చుంది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ రసం పిండి ఈ కిటికీలోనే పెట్టి, బట్టలు మడతపెట్టుకోవడానికి వెళ్లిపోయేది. నేను పేపరు చదువుతూ కేకేసేవాణ్ణి, "ఏమోయ్, నీ రసం మర్చిపోయావు!"

"మర్చిపోలేదు లెండి. దాని మానాన దాన్ని కాసేపు ఉండనివ్వండి," అనేది లోపల్నుంచి.

మతిమరుపు కప్పిపుచ్చుకోవడానికి అంటోందనుకునేవాణ్ణి. దీన్ని తేర్చడం అంటారని, కదపకుండా ఉంచితే బరువైనది అడుక్కి దిగి పైన తేట మిగులుతుందని, పుస్తకంలో బొమ్మతో సహా చదివి పాసైనవాణ్ణి నేను. ఆ బొమ్మలో బీకరు ఉంది గాని మా కిటికీ లేదు.

గ్లాసును రెండు చేతులా పట్టుకున్నాను. కదిలించకుండా, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా, పై తేటను ఇంకో గ్లాసులోకి వంచాను. మడ్డి జారబోతుండగా ఆపేశాను. తేనె, గోరువెచ్చటి నీళ్లు కలిపి కోడలి గది తలుపు తట్టాను.

గ్లాసును అనుమానంగా చూసింది. వెలుతురుకి ఎత్తి అడుగు కూడా చూసింది. ఒక గుక్క తాగి ఆగింది. ఇంకో గుక్క తాగింది. అప్పుడు "ఊఁ" అంది.

చిన్న మూలుగే. కానీ అందులో శబ్దముంది.

"ఇంక చాలు!" అన్నాను. "నాలుగింటి దాకా ఒక్క మాట మాట్లాడావంటే ఊరుకోను. గుసగుసలు కూడా వద్దు. నీ గొంతును దాని మానాన వదిలెయ్యి."

ఆమె నన్ను వింతగా చూసింది. ఆ మాట ఎవరిదో ఆమెకూ తెలుసు.

ఇంకొంచెం తురిమి పిండి మళ్లీ కిటికీలో పెట్టాను. అది తేరేలోపు ఆమె బయల్దేరాల్సిన వేళయింది. "నువ్వు పద, నేను పట్టుకొస్తా," అని పంపించాను. తేరాక స్టీలు ఫ్లాస్కులో పోసుకుని తరవాతి బస్సెక్కాను. దాని పిడికి ఎర్ర దారం ఉంటుంది. "మీరెక్కడ పడేసొచ్చినా మనదని తెలియాలి కదా" అంటూ మా ఆవిడ కట్టిన దారం అది.

మైకు గది మెట్ల దగ్గర కోడలికి ఒక కప్పు పోసిచ్చాను. తాగి, పెదవులు బిగించి, తలూపి పైకి వెళ్లింది. నేను ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాను.

మొదటతను పార్సిలు ఆఫీసు గుమాస్తా. బస్సు ఎక్కమన్నాడో ఎక్కితే చూస్తానన్నాడో తెలియకుండా గద్దించాడు. రెండో ఆమె స్వరం గంటలా ఉంది గాని, ముందు బస్సు బయల్దేరిపోయింది, తరవాత దాని నంబరు వినిపించింది. నా నెత్తి మీది స్పీకరు గరగరలాడుతోంది. అవతలి స్తంభం దగ్గర బాగా వినిపిస్తోందని లేచి అక్కడికి వెళ్లాను.

మైకు మూగబోయింది. ఎంతకీ ఏమీ రాదు. గొంతు రావడం లేదా? స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"ప్రయాణికులకు మనవి."

కోడలే. కాస్త బొంగురుగా, అరవకుండా, ఇంట్లో పక్క గదిలోని వాళ్లకి చెప్పినట్టు.

"ప్లాట్‌ఫారం బల్ల మీద ఒక స్టీలు ఫ్లాస్కు దొరికింది. పిడికి ఎర్ర దారం కట్టి ఉంది. లోపల అల్లం రసం ఉంది." ఇక్కడ కాస్త ఆగింది. నవ్వు మింగుతోందని నాకొక్కడికే తెలుసు. "మర్చిపోయినవారు కంగారుపడకండి. అది భద్రంగా ఉంది. మైకు గదికి మెల్లగా రండి. మెట్లు కాస్త ఎత్తుగా ఉంటాయి, చూసుకుని ఎక్కండి."

ఎవరి హడావుడిలో వాళ్లున్న జనం ఒక్క క్షణం తలెత్తారు. నా పక్కన సంచీ మీద కూర్చున్న ఒకావిడ, "ఎవరో గాని, మనకే చెప్పినట్టు చెప్పిందండీ," అంది.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. రెండూ ఖాళీ.

మెట్లు చూసుకునే ఎక్కాను. గదిలో డిపో మేనేజరు ఫ్లాస్కు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మైకు బాబాయ్. కోడలు గోడవైపు తిరిగి నిలబడింది, భుజాలు అదురుతున్నాయి. ప్లాట్‌ఫారం ఊడ్చే ఆమె తెచ్చిచ్చిందట. కాగితం చూడకుండా సొంతంగా చెప్పగలరా అని మేనేజరు దాన్నే కోడలి చేతికిచ్చాడట.

"మీదేనా? గుర్తు చెప్పండి," అన్నాడాయన.

"ఎర్ర దారం."

"అది మైకులోనే చెప్పేశారు. ఇంకోటి చెప్పండి."

"వంచి చూడండి. అడుగున తెల్లటి మడ్డి ఉండదు."

మేనేజరు మూతలోకి వంచాడు. తేట దిగింది. వాసన చూశాడు. "పొద్దుట్నుంచీ నాకూ గొంతు గరగరగానే ఉంది," అంటూ అనుమతి కూడా అడక్కుండా తాగేశాడు.

మైకు బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఆ ఇద్దరూ చదివారు సార్. ఈ అమ్మాయి చెప్పింది. మెట్లు చూసుకోమని ఇన్నేళ్లలో నాక్కూడా తోచలేదు."

మేనేజరు మూత తుడిచి నాకిచ్చాడు. "రేపట్నుంచి బాబాయ్ పక్కన కూర్చోండమ్మా," అన్నాడు ఆమెతో.

అప్పుడు తిరిగింది మా కోడలు. "మామయ్యా!" అంది. ఈసారి అంది, గది బయటికి కూడా వినిపించేలా.

"మామయ్యా?" మేనేజరు నన్నూ, ఆమెనూ, ఫ్లాస్కునూ మార్చి మార్చి చూశాడు. మైకు బాబాయ్ నవ్వుకి కుర్చీ కిర్రుమంది.

గొంతు తిరిగి రావడం రసం పనో, నోరు మూసుకుని కూర్చున్న పనో నేను చెప్పలేను. మర్నాడు పొద్దున్న మళ్లీ పిండి కిటికీలో పెట్టి, పేపరు పట్టుకుని కూర్చున్నాను. పనికి తయారై వచ్చిన కోడలు వంటింట్లోంచి కేకేసింది.

"మామయ్యా, మీ రసం కిటికీలో మర్చిపోయారు!"

"మర్చిపోలేదమ్మా. దాన్ని కాసేపు ఉండనివ్వు."

తరవాత గుమ్మంలోంచి తల పెట్టి అడిగింది. "అయితే నిన్న ఫ్లాస్కు కూడా అంతేనా?"

"లేదు తల్లీ," అన్నాను. "అది మాత్రం నిజంగానే మర్చిపోయాను."